మోరి మూల

మార్చి 3, సోమవారం. కోరుట్ల.

నేను నడిపే మిషన్ ఈ రోజు నీళ్లలోకి దిగింది. నీళ్లు అనడం మాటవరసకే. కట్ట మీద నుంచి చూస్తే పాత చెరువు పచ్చటి బీడులా ఉంది, మేకలు దిగి మేస్తాయేమో అన్నట్టు. అంతా గుర్రపు డెక్క. పైన ఊదా పూలు. ముగ్గురు అమ్మాయిలు ఆ పూలు కనబడేలా నిలబడి ఫోటోలు తీసుకుంటున్నారు. ముక్కులు కూడా మూసుకోవడం లేదు.

మిషన్ ముందు పళ్ల బెల్టు ఉంటుంది. అది ఆకును కోసి పైకి లాగుతుంది. ఆకుతో పాటు వేర్లు వస్తాయి, వేర్లతో పాటు ఊరు మొత్తం వస్తుంది. ఈ రోజు వచ్చినవి: పిల్లల డైపర్లు, కటింగ్ షాపుల జుట్టు ముద్దలు, కోడి పేగులు మూటగట్టిన కవర్లు, వినాయకుడి చెయ్యి ఒకటి. అన్నింటికీ నల్లటి జిగురు. ఒడ్డున వాటిని పారతో దించే సారయ్య బీడీ ఆర్పకుండానే పని చేస్తాడు. అరవై ఏళ్లుంటాయి. ఆయన ముక్కు చచ్చిపోయి ఉండాలి.

మస్కట్‌లో పన్నెండేళ్లు క్రేన్ నడిపాను. రోజూ లాగ్‌బుక్ రాయాలి అక్కడ. ఆ అలవాటు పోక ఈ నోటుబుక్కు.

కోనరావుపేట నుంచి మా ఆవిడ లత ఫోన్ చేసింది. ఏం పని అని అడిగింది. బోటు మీద పని అన్నాను. అబద్ధం కాదు.

మార్చి 4

అన్నం తినలేకపోయాను. మూడుసార్లు సబ్బు పెట్టినా చేతికి అదే వాసన.

మార్చి 7

బెల్టు మీదికి చచ్చిన పంది వచ్చింది. పొట్ట ఉబ్బి ఉంది. పళ్లు తగలగానే పగిలింది. నా ముఖం మీద, పెదవుల మీద పడింది. మిషన్ ఆపి చెరువులోకే కక్కాను. మళ్లీ ఆ నీళ్లతోనే ముఖం కడగబోయి ఆగాను.

ఒడ్డున ఒకావిడ థర్మకోల్ తెప్ప మీద కూర్చుని వల విప్పుతూ ఇదంతా చూస్తోంది. యాభై అయిదు దాటి ఉంటాయి. ఇంటి నుంచి తెచ్చిన సీసాలో నీళ్లు ఇచ్చింది.

"ముక్కుకు గుడ్డ కట్టుకుంటే వాసన ఆగది కొడుకా. రెండు దినాలు నోటితోని గాలి పీల్చు, గప్పుడు అలవాటైతది."

పేరు సత్యవ్వ. ఆమె భర్త నర్సింగం ఇక్కడి మత్స్య సంఘం అధ్యక్షుడు. ఆయనకు మోకాళ్లు పనిచేయవు, వల పని ఈమెదే. సంఘంలో నలభై ఇళ్ల వాళ్లున్నారు. వానాకాలం చెరువులో పోసిన చేప పిల్లలు ఇప్పుడు కిలో, కిలోన్నర అయ్యాయట. ఎండలకు నీళ్లు తగ్గగానే పట్టుకుంటారట.

"మొత్తం ఒక్కపారే గుంజకు. ఎండకు చేపలు గీ ఆకు కిందికే వస్తయి. జర జర తీయి, తొవ్వ చేసుకుంట పో."

సరే అన్నాను. ఆమె చీర నుంచి, వల నుంచి చేప వాసన. సీసా మూతికి కూడా. తాగాను కానీ ఆమె వెళ్లాక మళ్లీ ఉమ్మేశాను.

మార్చి 9

సత్యవ్వ డబ్బాలో చేపల పులుసు తెచ్చింది. ఈ చెరువులో పెరిగిన చేప. ఆమె అటు తిరగగానే వంపేశాను. "ఎట్లున్నది?" అంటే "మంచిగున్నది పెద్దమ్మా" అన్నాను. మురిసిపోయింది.

మార్చి 12

రవీందర్ అన్న వచ్చాడు. ఈ కాంట్రాక్టు ఆయనది. కట్ట మీదే నిలబడి ఫోన్‌లో ఫోటోలు తీశాడు. బూట్లకు బురద అంటకుండా కాళ్లు ఎత్తి ఎత్తి వేస్తున్నాడు.

"పది దినాలల్ల గింతేనా? ఉగాదికి ఇక్కడ బోటింగ్ షురు అయితది. పెద్ద సారు రిబ్బన్ కత్తిరించనీకి వస్తున్నడు. గా రోజు ఒక్క ఆకు కనబడద్దు."

రోజుకు మిషన్ ఎంత తీయగలదో చెప్పాను. వేర్లు మూరెడు పొడుగు ఉన్నాయని, బెల్టుకు చుట్టుకుంటున్నాయని చెప్పాను. వినలేదు. ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని వెళ్లిపోయాడు. రోజంతా అందులో ఉండే మా ముందు.

మార్చి 15

మోరి మూలలో మిషన్ కూరుకుపోయింది. ఊరి మురుగు మొత్తం వచ్చి పడేది అక్కడే. నీళ్లు మోకాలి లోతు, కింద బురద నడుము లోతు. ఆకు చాప అల్లినట్టు ఉంది. బెల్టు తెగింది. కొత్తది హైదరాబాద్ నుంచి రావాలి. ట్రాక్టర్ పెట్టి మిషన్‌ను బయటికి లాగేసరికి నా తొడలకు నాలుగు జలగలు.

బురదలో అడుగు తీసి అడుగు వేస్తే బుడగలు. ఒక్కో బుడగ పగిలితే కుళ్లిన గుడ్డు వాసన. రూముకు వచ్చాక ఒళ్లు రుద్దుకుంటూ ఏడుపొచ్చింది. అసహ్యంతో ఏడుపు వస్తుందని తెలియదు.

మార్చి 18, మంగళవారం

బెల్టు ఇంకా రాలేదు. మధ్యాహ్నం రవీందర్ అన్న కారులో నాలుగు డబ్బాలు, వీపున తగిలించుకునే పంపు తెచ్చాడు.

"మిషన్‌ను నమ్ముకుంటే ఉగాది పోతది. మోరి మూల దిక్కు గీ మందు కొట్టుండ్రి. వారంల మాడి అడుగుకు పోతది."

"చెరువుల చేపలున్నయి కదన్నా."

"మందు ఆకు మీద పడతది. చేపలు కింద ఉంటయి. చేన్లల్ల గడ్డికి కొట్టెడిదే గిది, కొత్తదేం కాదు."

"ఎవరన్న అడిగితే?"

"దోమల మందని చెప్పు."

సారయ్య పంపు ముట్టుకోలేదు. "నాతోని కాదు సేటు. మా బర్లు గీ నీళ్లే తాగుతయి" అని పార భుజాన వేసుకుని ఇంటికి పోయాడు.

అప్పుడు రవీందర్ అన్న నా భుజం మీద చెయ్యి వేశాడు. ఉగాది తర్వాత సిరిసిల్లలో ఏడాది పని ఉందట. అక్కడ ఆపరేటర్‌ని నేనేనట. "పొద్దుగాల ఇంట్ల చాయ్ తాగి బండెక్కితే పనికాడ. పొద్దూకంగ మళ్ల ఇంటికాడ. ఇంకేం గావాలె నీకు?"

ఇంకేం కావాలి. ఒకసారి మస్కట్ నుంచి వచ్చినప్పుడు మా రచన నన్ను చూసి తలుపు వెనక దాక్కుంది. ఇప్పుడు దానికి తొమ్మిదేళ్లు.

డబ్బా మీద సన్నటి అక్షరాల్లో ఏదో రాసి ఉంది. ఎండలో కళ్లు చెదిరాయి, చదవలేదు.

ఎండకు అందరూ ఇళ్లలో ఉన్నారు. మందు సారయ్య కొట్టలేదు. రవీందర్ అన్న కొట్టలేదు.

ఒక మూల మాత్రమే.

మార్చి 19

చదివాను. చేపలకు హానికరం. చెరువుల్లో, కుంటల్లో పారబోయరాదు. పారబోయడం వేరు, కొట్టడం వేరు.

సత్యవ్వ మోరి మూల దగ్గర మోకాలి లోతులో నిలబడి అడిగింది. "ఏందిది కొడుకా, ఘాటు వాసనొస్తున్నది?"

"దోమల మందు పెద్దమ్మా."

"గట్లనా! మంచిగ కొట్టు బిడ్డల పేరు చెప్పుకొని. పోయినేడు మా మనుమరాలికి డెంగీ వచ్చి సచ్చి బతికింది."

ఆ నీళ్లలోనే చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుంది.

మార్చి 21

ఆకులు మెలి తిరిగాయి. రవీందర్ అన్న మరో ఆరు డబ్బాలు పంపాడు. నీళ్లు పొర్లిపోయే మత్తడి దిక్కు కూడా కొట్టాను. ఒక మూల అని రాశాను కదా. రెండు మూలలు.

మార్చి 23

మధ్యలో కూడా.

మార్చి 25

చెరువు గోధుమ రంగుకు తిరిగింది. ఉడికించిన గోంగూరలా ఆకు మెత్తబడి మునుగుతోంది. ఇంతకుముందు వాసన మురుగు వాసన. ఇది వేరే. తియ్యగా ఉంది, గొంతులో కూర్చుంటోంది. ఫోటోలో మాత్రం నీళ్లు కనిపిస్తున్నాయి. రవీందర్ అన్న ఫోన్‌లో "శభాష్" అన్నాడు. ఆ మాటకు సంతోషం వేసింది. ఆ సంతోషం కూడా రాసి పెట్టుకుంటున్నాను.

మార్చి 27

పొద్దున్నే వెళ్లేసరికి చెరువు మీద నోళ్లు. వేల నోళ్లు. రవ్వ, బొచ్చె చేపలు నీటి పైకి వచ్చి నోరు తెరిచి మూస్తున్నాయి. చప్పుడు వినిపిస్తుంది, ముసలివాళ్లు చాయ్ జుర్రుతున్నట్టు. సంఘం వాళ్లు తెప్పల మీద వెళ్లి నీళ్లను తెడ్లతో కొడుతున్నారు, గాలి కలుస్తుందని. సత్యవ్వ రెండు చేతులతో నీళ్లు ఎగజిమ్ముతోంది. నలభై ఎకరాల చెరువు. రెండు చేతులు.

నేనూ దిగి కొట్టాను. పదకొండు గంటలకు చేతులు పడిపోయాయి. పన్నెండుకు నోళ్లు ఆగిపోయాయి.

మార్చి 28

తెల్లటి పొట్టలు. ఒడ్డు వెంట ఒకదాని మీద ఒకటి. కళ్లు ముందు పోతాయి, ఆ తర్వాత పొట్టలు. కాకులు కూడా ఏరుకుని తింటున్నాయి, అన్నీ తినడం లేదు. కొర్రమట్టలు మాత్రం బతికాయి. అవి పైకి వచ్చి గాలి పీల్చుకోగలవు.

జగిత్యాల నుంచి ఒక అధికారి వచ్చాడు. నీళ్లలో మీటరు పెట్టి చూసి, రెండు సీసాల్లో నీళ్లు పట్టుకున్నాడు. నీళ్లలో గాలి లేక చచ్చాయన్నాడు. "ఏమన్నా మందులు వాడారా?" అని అడిగాడు.

"లేదు సార్. మోరి నీళ్లు, ఎండలు" అన్నాడు రవీందర్ అన్న. నా వైపు చూశాడు.

నేనూ అవునన్నట్టు తల ఊపాను.

నర్సింగం కట్ట మీద కూర్చుని ఉన్నాడు. మోకాళ్ల మీద చేతులు. "ఏడాది ఆగినం సారూ. రెండు వారాలాగితే పట్టుకుందుము" అన్నాడు. ఎవరికి చెప్తున్నాడో. అధికారి కారెక్కాడు.

కొత్త బెల్టు వచ్చింది. ఉగాది రేపు కాక ఎల్లుండి. ఆకు తీయాల్సిన మిషన్‌తో చేపలు తీయమన్నారు. రోజంతా అదే. బెల్టు పళ్ల మీద అవి జారి, చిట్లి, నా కాళ్ల మధ్య నుంచి వెనక్కి పోతాయి. పొలుసులు నా మెడకు, చెవుల్లో. పందిని చూసి కక్కినవాడిని ఈ రోజు కక్కలేదు. అదే ఎక్కువ రోతగా ఉంది.

మార్చి 29, శనివారం

సత్యవ్వ వాళ్ల వాడకట్టు మీదుగా వచ్చాను. ఇళ్ల ముందు టార్పాలిన్లు పరిచారు. నిన్న, మొన్న చచ్చినవాటిలో మెత్తబడనివి ఏరి, చీల్చి, ఉప్పు పట్టించి ఎండబెట్టారు. కాళ్లు పెట్టే సందు లేదు. ఈగలు. సత్యవ్వ తాటాకుతో విసురుతోంది. ఆమె మనుమరాలు పక్కన కూర్చుని పొయ్యి మీద కాల్చిన ముక్క తింటోంది. రచన అంత ఉంటుంది.

"రోగమొచ్చి సావలే గద కొడుకా, గాలాడక సచ్చినయి. పారేస్తే ఏమొస్తది? ఎండబెడితే ఎండాకాలం ఎల్లుతది. పొద్దుగాల నాలుగు సంచులు మార్కెట్‌కు పంపినం."

పేపరులో కట్టి నా చేతిలో పెట్టింది. "పండుగకు ఇంటికి పోతవ్ గద. పిల్లకు పెట్టు."

తీసుకున్నాను. చెప్పేద్దామని నోరు తెరిచాను గానీ "పోయొస్త పెద్దమ్మా" అని వచ్చింది.

రూములో కూర్చుని లెక్కలు వేసుకున్నాను. చివరిసారి మందు కొట్టి ఆరు రోజులైంది. చెరువు పెద్దది, మందు కొంచెం. చచ్చింది గాలాడక, అధికారే చెప్పాడు. ఉప్పు పెడితే విషం పోతుందేమో. ఇట్లా చాలా రాసి కొట్టేశాను.

ఉండబట్టలేక లతకు ఫోన్ చేసి మొత్తం చెప్పాను. మొదటిసారి. పంది దగ్గర నుంచి.

అంతా విని ఒకటే అడిగింది.

"గా పొట్లం తెస్తే మన రచనకు వండి పెట్టాల్నా?"

"వద్దు."

"మరి గా పిల్ల తింటున్నది గద."

ఫోన్ పెట్టేసింది.

మార్చి 30, ఆదివారం. ఉగాది.

నిన్న సాయంత్రమే తిరిగి వెళ్లాను. అది ముందు రాయాలి.

సత్యవ్వ ముక్కలు తిరగేస్తోంది. నర్సింగం మంచం మీద ఉన్నాడు. నిలబడే చెప్పాను.

"పెద్దమ్మా, పిల్లను తిననీయకు. గది దోమల మందు కాదు. గడ్డి మందు. నేనే కొట్టిన."

ఆమె చెయ్యి ఆగింది. పైకి చూడలేదు.

"ఏనాడు కొట్టినవ్?"

"పద్దెనిమిది నాడు. మళ్ల ఇరవయొకటి. ఇరవైమూడు."

"పందొమ్మిదినాడు నేనడిగిన."

"అడిగినవ్."

"మంచిగ కొట్టుమన్న."

"అన్నవ్."

నర్సింగం మంచం కోడు పట్టుకుని లేచి కర్ర విసిరాడు. భుజానికి తగిలింది. పక్క ఇళ్ల వాళ్లు వచ్చారు. ఇద్దరు నా అంగీ పట్టుకున్నారు, ఒకరు చెంప మీద కొట్టారు. నొప్పి తెలియలేదు. సత్యవ్వ పిల్ల చేతిలో ముక్క లాగేసి, నోట్లో వేలు పెట్టి కక్కించింది. తర్వాత టార్పాలిన్ నాలుగు అంచులు దగ్గరకు తీసి మూట కట్టడం మొదలుపెట్టింది.

"సంచులు" అన్నాను. "మార్కెట్‌కు పోయిన సంచులు."

అప్పుడు చూసింది నన్ను.

ఆటోలో ముందు సీట్లో నేను, వెనక ఆమె. పండగ ముందు రోజు, మార్కెట్‌లో కాలు పెట్టే చోటు లేదు. మామిడికాయలు, వేపపువ్వు, కొత్త కుండలు. వీళ్ల చేపలు అమ్మే ఆమె దగ్గర ఒక సంచి అలాగే ఉంది. రెండో సంచి సగం. మిగతావి అమ్ముడైపోయాయి. ఎవరు కొన్నారో ఎలా చెప్పడం అంది ఆమె.

సత్యవ్వ తక్కెడ పక్కన ఉన్న పీట మీదికి ఎక్కింది. ముప్పై ఏళ్లుగా ఆ మార్కెట్‌లో చేపలు అమ్మిన మనిషి. అందరూ ఆమెను ఎరుగుదురు.

"పాత చెరువు చేపలు కొన్నోళ్లు ఎవ్వలు తినకుండ్రి! మందు పడ్డది! మావే చేపలు, నేనే చెప్తున్న! తెచ్చియ్యిండ్రి, తినకుండ్రి!"

గొంతు చీలిపోయేలా అరిచింది. మొదట నవ్వారు. తర్వాత జనం ఒక్కొక్కరే చేపల వరుస నుంచి వెనక్కి జరిగారు. పక్కన వేరే చెరువుల చేపలు అమ్మేవాళ్లు తిట్టారు, తమ బేరం చెడగొడుతోందని. ఒకామె చేప తల తీసి ఆమె మీదికి విసిరింది. చెంపకు తగిలి రసం కారింది. తుడుచుకోకుండా మళ్లీ అరిచింది. వరుస చివరి దాకా నడుస్తూ అరిచింది. నేను వెనక సంచి పట్టుకుని నడిచాను. జనం నన్ను కాదు, ఆమెను అసహ్యంగా చూస్తున్నారు. ఆ చూపు నాది. నేను కదా పడాల్సింది.

"కొట్టింది నేను" అని ఒకసారి అన్నాను. నా గొంతు ఎవరికీ వినపడలేదు.

పదిహేను మంది తెచ్చి ఇచ్చారు. ఇంకా ఎంతమంది దగ్గర ఉన్నాయో తెలియదు.

ఈ రోజు పొద్దున చెరువులో బోటు తిరిగింది. పూలదండలు కట్టిన బోటు. పెద్ద సారు పది నిమిషాలు తిరిగి దిగాడు, మంచి గాలి అన్నాడట. సంఘం వాళ్లను కట్ట అవతలే ఆపారు.

సారయ్య నేను ఒడ్డున ఆకుకుప్ప కింద దాచిన ఖాళీ డబ్బాలు తీసి ఇచ్చాడు. ఎక్కడ దాచానో మర్నాడే చూశాడట. "నువ్వే చెప్తవేమో అని ఆగిన" అన్నాడు. అంతే.

ఏప్రిల్ 2, జగిత్యాల.

అధికారికి డబ్బాలు అప్పగించి వాంగ్మూలం రాసి ఇచ్చాను. రెండు పేజీలు. "ఆరోజు తల ఊపారు కదా" అన్నాడు. ఊపాను అని కూడా అందులో చేర్చాను. సత్యవ్వ సాక్షిగా వేలిముద్ర వేసింది.

రవీందర్ అన్నను కూడా పిలిచారు. "వాడు తాగుబోతు సార్, ఏం కొట్టిండో వానికే ఎరుక లేదు" అన్నాడు. నేను తాగను. సిరిసిల్ల పని సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ అడగలేదు.

బస్సులో సత్యవ్వ ముందు సీట్లో కూర్చుంది. నా పక్కన ఖాళీ ఉంది. కోరుట్లలో దిగి వెనక్కి చూడకుండా నడిచింది.

ఏప్రిల్ 3

లతకు చెప్పాను, పని పోయింది, ఇంటికి వస్తున్నా అని.

"రా. గాని గాడ గట్లనే ఇడిసిపెట్టి రాకు."

ఏప్రిల్ 5

పేపరులో ఎవరికైనా వాంతులు, విరేచనాలు అని వస్తుందేమోనని రోజూ చూస్తున్నాను. ఇంకా ఏమీ రాలేదు. సత్యవ్వ మనుమరాలు బాగానే ఉందని సారయ్య చెప్పాడు.

ఏప్రిల్ 8

మిషన్‌ను రవీందర్ మనుషులు లారీలో ఎక్కించుకుపోయారు. మునిగిన ఆకు అడుగున కుళ్లుతూనే ఉంది. అది తీయకపోతే వచ్చే వానాకాలం పోసే పిల్లలు కూడా బతకవని అధికారి సంఘానికి చెప్పాడు. సంఘం వాళ్లు కొక్కేలు, తాళ్లు పట్టుకుని దిగారు. పిలవకపోయినా వెళ్లాను. ఎవరూ మాట్లాడలేదు. వెళ్లిపొమ్మని కూడా అనలేదు.

చేతికి వచ్చేది ఆకు కాదు, నల్లటి చీము. వేళ్ల మధ్య నుంచి జారుతుంది. ఎత్తి తట్టలో వేస్తే మోచేతుల దాకా కారుతుంది. సారయ్య తట్ట అందుకుంటాడు.

ఏప్రిల్ 9

అదే.

ఏప్రిల్ 10

అదే. అన్నం తిన్నాను, ఒడ్డునే, అందరికీ దూరంగా. చేతుల వాసన పోలేదు. తిన్నాను.

ఏప్రిల్ 12

ఈ రోజు మోరి మూల. ఎవరూ అటు దిగడం లేదు, వాసనకు. నేను వెళ్లాను. నడుము దాకా దిగాను. కొక్కెం వేసి లాగుతూ ఇంకా ముందుకు జరుగుతున్నాను. వెనక నుంచి వినపడింది. రెండు వారాలైంది ఆ గొంతు నాతో మాట్లాడి.

"అటు పోకు. దిగబడతవ్."

తిరిగి చూశాను. సత్యవ్వ తెప్ప మీద ఉంది. ముఖం చెరువు వైపే, చేతులు తాడు మీదే.

రెండడుగులు ఇటు జరిగి, పొద్దుగూకే దాకా అక్కడి నుంచే తీశాను.